ఈరన్న స్వామికి బాకీపడ్డ కాయ

శేషన్నను చాలా ఏళ్లుగా ఒక సందేహం పట్టుకుని ఉంది. ఉరుకుంద ఈరన్న స్వామికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నదీ తానే, ఆదోని డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర మింగిందీ తానే. భయం తగ్గింది. తగ్గించింది ఎవరు? కాయ ఎవరికి చెల్లాలి? స్వామికి కొడితే డాక్టరమ్మ చేసిన మేలు మరిచినట్టవుతుంది. డాక్టరమ్మకు ఇస్తే స్వామి ఏమనుకుంటాడు? ఇది తేలక ఆ మొక్కు అలాగే నిలబడిపోయింది. దాని పేరుతో కొన్న కాయలన్నీ కుళ్లిపోకముందే మల్లేశ్వరి చేతిలో పచ్చడి అయ్యాయి. ఆ పచ్చడి తింటున్నప్పుడల్లా స్వామి విస్తట్లోది లాక్కుని తింటున్నట్టు శేషన్నకు ఇబ్బందిగా ఉండేది. ఇబ్బంది పడుతూనే రెండోసారి వేయించుకునేవాడు.

శేషన్నది ఎమ్మిగనూరు. మగ్గం మీద దుప్పట్లు బాగా నేస్తాడని పేరు. అంతకంటే బాగా భయపడతాడని ఇంకా పెద్ద పేరు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానో లేదోనని తిరిగివచ్చి లాగి చూసేవాడు. లాగడం వల్ల ఊడిందేమోనని మళ్లీ తిరిగివచ్చేవాడు. భార్య మల్లేశ్వరి కొళాయి దగ్గర కాస్త ఆలస్యం చేస్తే మనసులోనే ఆమెకు పదకొండో రోజు దాకా జరిపించేసేవాడు. ఒకసారి బ్రేకులు కాలుతున్న వాసన వస్తోందని గోల పెట్టి బస్సులో అందరినీ దింపించాడు. తీరా చూస్తే ఆ వాసన ఎవరి సంచిలోనో ఉన్న మాడిపోయిన వేరుశనగకాయలది.

చూసేవాళ్లకు ఇదంతా నవ్వులాట. కానీ ఊరంతా నిద్రపోతుంటే చీకట్లో ఛాతీమీద చెయ్యి పెట్టుకుని, ఏమీ జరగకుండానే ఏదో జరగబోతోందని తెల్లవార్లూ కాచుకుని కూర్చునేవాడికి అది నవ్వులాట కాదు. చివరికి మల్లేశ్వరే అతణ్ని ఆదోని తీసుకుపోయి డాక్టర్ శ్రీరక్షకు చూపించింది. ఆమె అన్నీ ఓపికగా విని, "ఇది పిచ్చి కాదు, పిరికితనమూ కాదు. చక్కెర జబ్బు లాగే ఇదీ ఒక జబ్బు" అంది. రోజూ రాత్రి పడుకునేముందు అర మాత్ర వేసుకోమని రాసిచ్చింది. తనకు చెప్పకుండా ఎక్కువ వేసుకోవద్దనీ, చెప్పకుండా మానొద్దనీ, ఇంకొకరికి ఇవ్వనే వద్దనీ మరీ మరీ చెప్పింది. కొద్దిరోజులకు శేషన్న ఒక రాత్రంతా నిద్రపోయి, కోడి కూతకు లేచాడు. లేచి దేవుడి గూటి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాత్రను కళ్లకద్దుకునే మింగడం ఆ రోజు నుంచే మొదలైంది.

అయితే ఈ మాత్ర సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. "మైండు డాక్టరు దగ్గరికి పోతాడంట" అని అంటారేమోనని భయం. మిగతా భయాలన్నీ లొంగాయి గానీ, ఈ ఒక్క భయం మాత్రకు లొంగలేదు.

దానికితోడు ఇంకో చిక్కు వచ్చింది. మాత్ర వేసుకున్న కాసేపటికి, వేసుకున్నానో లేదోనని అనుమానం వచ్చేది. మల్లేశ్వరి దీనికి ఉపాయం కనిపెట్టింది. రోజుకో కాగితం చింపే క్యాలెండరులోంచి రాబోయే వారం కాగితాలు ముందే చింపి, ఏ రోజు అర మాత్రను ఆ రోజు తేదీ కాగితంలో పొట్లం కట్టేది. కాగితం పోయిందంటే మాత్ర పడినట్టే. ఆ పొట్లాలను దేవుడి గూట్లో, మంత్రాలయం నుంచి తెచ్చుకున్న మృత్తిక పొట్లాలు ఉండే రాగి డబ్బాలోనే పెట్టింది. చూసినవాళ్లు అవీ రాఘవేంద్ర స్వామి బృందావనం మట్టి పొట్లాలే అనుకుంటారని ఆమె ధీమా. ఈ ఏర్పాటుతో వచ్చిన నష్టమల్లా ఒకటే. ఆ ఇంటి గోడమీది క్యాలెండరు ఎప్పుడూ ఊరికంటే వారం ముందుండేది. పక్కింటి హులిగమ్మ దాన్ని చూసి ఒకసారి వారం ముందే ఏకాదశి ఉపవాసం ఉంది.

ఆ రోజు శేషన్న ఆదోనికి వెళ్లి డాక్టరమ్మకు చూపించుకోవాలి. పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి తిరిగిరావాలని అనుకున్నాడు. ముందురోజే మంచి కాయ ఒకటి కొని సంచిలో పెట్టుకున్నాడు. కాయ ఎవరికి చెల్లాలో ఈసారి డాక్టరమ్మనే అడిగి తేల్చుకుందామని నిశ్చయించుకున్నాడు. స్నానం చేసి, చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చేసరికి హులిగమ్మ అరుగుమీద కూర్చుని ఉంది.

"శేషన్నా, నువ్వు నీళ్లు పోసుకుంటాంటే మీ గూట్లో మంత్రాలయం మట్టి పొట్లం ఒకటి తీసుకున్యా. మా అల్లునికి ఇచ్చొచ్చినా. ఏమనుకోవాకప్పా" అంది.

"స్వామి మట్టికి ఏమనుకుంటానక్కా" అన్నాడు శేషన్న గుండీ పెట్టుకుంటూ. రెండో గుండీ దగ్గర అతని చెయ్యి ఆగింది. "యాడ తీసుకున్యావు?"

"ఆ రాగి డబ్బాలోనే, పైనుండేది. మా ఉరుకుందు పొద్దున్నే గుండెల్లో దడదడ అంటాండాదత్తా అన్న్యాడు. నీళ్లల్లో కలుపుకోని తాగి అప్పుడు బండెక్కప్పా అని పంపిచ్చినా."

ఉరుకుందు హులిగమ్మ ఇంటి అల్లుడు. ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. అతను నడిపేది బస్సు. అదీ ఆదోని బస్సు. శేషన్న ఎక్కాల్సిన బస్సే.

శేషన్న గూటి దగ్గరికి పరుగెత్తి డబ్బా మూత తీశాడు. మృత్తిక పొట్లాలు పసుపు దారంతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. క్యాలెండరు కాగితాలు పైకి తీసి ఒక్కొక్కటే చూశాడు. మల్లేశ్వరి నీళ్ల బిందెతో లోపలికి వచ్చేసరికి అతను కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, అట్ల నిలబడినావు?"

"ఈ పొద్దు లేదు మల్లీ."

"ఏమి లేదు?"

"ఈ పొద్దే లేదు! రేపుండాది, ఎల్లుండి ఉండాది, ఈ పొద్దు లేదు!"

"పొద్దున్నే ఏం మాటలప్పా ఇవి! స్వామి ఉండాడు, అంతా ఉంటాది" అంది అరుగుమీది నుంచి హులిగమ్మ.

మల్లేశ్వరికి అర్థమై బిందె దించేసింది. ఉరుకుందుకు ఫోను చేసింది. డ్యూటీలో అతను ఫోను ఎత్తడు. శేషన్న సంచి తీసుకుని వీధిలోకి దూకాడు. చొక్కాకు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడని గానీ, తాళం సంగతి అడగకుండానే ఇల్లు వదిలానని గానీ అతనికి తెలియలేదు.

బస్టాండులో ఆదోని బస్సు ఇంజను ఆడుతోంది. ఫుట్‌బోర్డు దగ్గర కండక్టరు బజారి నిలబడి ఉన్నాడు.

"బజారీ, బండి ఆపు! పోనియ్యొద్దు!"

"ఏమన్నా, ఈ పొద్దు టైరా, బ్రేకా?"

"రెండూ కాదు. డ్రైవరుకు నిద్రొస్తాది!"

"పొద్దున ఎనిమిదికా?" బజారి విజిలు నోట్లోంచి తీసి మరీ నవ్వాడు. కిటికీల్లోని జనం కూడా నవ్వారు. "అప్పుడెప్పుడో వంతెన కూలుతాదంటివి. అంతకుముందు వేరుశనక్కాయల వాసనకు అందర్నీ ఎండలో నిలబెడితివి. ఎక్కితే ఎక్కన్నా, ల్యాకపోతే ఎనకాల బండికి రా."

కారణం చెబితే ఆపుతారు. కారణం చెప్పాలంటే మాత్ర సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని శేషన్న లెక్క వేసుకుంటున్నాడు. ఈలోగా బజారి విజిలు ఊదాడు. బస్సు కదిలింది. జీవితంలో ఎన్నడూ ఆగిన బస్సు కూడా అటూ ఇటూ చూడకుండా ఎక్కని శేషన్న, కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీదికి ఒక్క గెంతు గెంతాడు. చేతిలోని సంచి ఇనుప కమ్మీకి టప్పున తగిలింది.

జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లి ఇంజను పక్కన, ఉరుకుందుకు దగ్గరగా కూర్చున్నాడు. డ్రైవరు తల పైన ఈరన్న స్వామి పటానికి బంతిపూల దండ ఊగుతోంది. సీటు పక్కన నీళ్ల సీసా ఉంది. అందులో నీళ్లు సగమే ఉన్నాయి. మిగతా సగం ఎక్కడున్నాయో శేషన్నకు తెలుసు.

"నీళ్లు తాగినావా అల్లుడూ?"

"తాగినా మామా. నీకు కావాల్నా?"

ఉరుకుందు దుమ్ము పడిందని కళ్లు నులుముకున్నాడు. మందు ఎక్కుతోందనుకున్నాడు శేషన్న. మనిషిని మాటల్లో పెడితే నిద్ర రాదనిపించి మొదలుపెట్టాడు. పత్తి ధర అడిగాడు. పిల్లల చదువు అడిగాడు. అత్తగారి మోకాళ్ల గురించి, ఆమెకు తెలియని సంగతులు కూడా అడిగాడు.

"మామా, బండి నడిపేటోనితో మాట్లాడకూడదని ఆడ రాసిండారు సూడు" అన్నాడు ఉరుకుందు.

మాట్లాడకూడదని రాశారు గానీ పాడకూడదని రాయలేదు. శేషన్న కళ్లు మూసుకుని, చేతులు జోడించి భజన అందుకున్నాడు. మూడో చరణానికి వెనకాల ఇద్దరు ఆడవాళ్లు గొంతు కలిపారు. ముందు సీటులోని ముసలమ్మ ఉచ్చీరమ్మ మాత్రం కాళ్లు పైకి ఎత్తుకుంది.

"ఎవురప్పా ఇది? నా కాళ్లమీద నీళ్లు కారుతాండాయి. సంచి తియ్యి నాయనా!"

శేషన్న వినలేదు. గొంతు పెంచాడు. అప్పుడే ఉరుకుందు ఒక ఆవలింత ఆవలించాడు. నోరు మూసేలోపల రెండోది వచ్చింది. భజన ఆగిపోయింది. బస్సు కోటేకల్లు దాటి పత్తి చేల మధ్య పోతోంది. ఎదురుగా ఇసుక లారీ వస్తోంది. శేషన్నకు బస్సులోని మొహాలు కనిపించాయి. చంకలో పాపతో ఒకామె, పత్తి బేళ్ల బేరానికి పోతున్న రైతులు, పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు. స్వామి పటం వైపు చూశాడు. దాచుకోవడానికి తన దగ్గర ఉన్నది ఒక్క అర మాత్ర పరువు. ఎదురుగా ఒక బస్సెడు మనుషులు.

లేచి నిలబడి అరిచాడు. "ఆపల్లుడూ! పొద్దున మీ యత్త ఇచ్చింది మంత్రాలయం మట్టి కాదు. నిద్ర మాత్ర! నా మాత్ర! నాకు భయం జబ్బుండాది. ఆదోనిలో మైండు డాక్టరమ్మ కాడ సూపిచ్చుకుంటాండా. దినామూ రాత్రి అది ఏసుకోనే పండుకుంటా. ఇప్పుడది నీ కడుపులో ఉండాది!"

ఉరుకుందు లారీకి దారి వదిలి, బస్సును నెమ్మదిగా రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపేశాడు. అందరూ సీట్లలోంచి మెడలు చాచారు. చంటిపాప కూడా ఏడుపు ఆపి చూసింది. ఉరుకుందు చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక కాగితం మడత తీశాడు. విప్పి శేషన్న ముందు పెట్టాడు. కాగితం మీద ఆ రోజు తేదీ. దానిమీద తెల్లగా అర మాత్ర.

"ఇదేనా మామా?"

శేషన్న దాన్ని వేలితో తాకి చూశాడు. "తాగలేదా నువ్వు?"

"మంత్రాలయం మట్టి ఎప్పుడన్నా తెల్లగుంటాదా మామా? నాకు తెలుసు ఈ మాత్ర." ఉరుకుందు గొంతు తగ్గించాడు గానీ, ఆగిన బస్సులో తగ్గించిన గొంతు ఇంకా బాగా వినిపించింది. "పోయినేడు ఒక లారీ కింద పడబోయి తప్పించుకున్యా గదా. ఆ యాల నుంచి స్టీరింగు పట్టుకుంటే సేతులు వణికేటివి. నేనూ ఆయమ్మ కాడికే పోయినా. 'నువ్వు డ్రైవరువి, నీకు ఇట్లాంటి మాత్ర కూడదు' అని మాత్రల అట్ట సూపిచ్చి మరీ సెప్పింది. సెలవు పెట్టిచ్చి, యేరే మందిచ్చి, నయమైనాకనే బండెక్కనిచ్చింది. మా యత్తకు ఇదంతా ఏం సెప్పేది? అందుకే పొట్లం జేబులో ఏసుకున్యా."

"మరి పొద్దున గుండె దడ అన్యావంట?"

"మా యత్త పెట్టిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు మామా. గుండెల్లో మంట. మా యత్త ముందర ఆ మాట అనలేక దడ అన్యా."

"మరి ఆ ఆవలింతలు?"

"నువ్వు పాడినావు గదా" అన్నాడు ఉరుకుందు.

బస్సు మొత్తం ఒక్కసారి నవ్వింది. శేషన్న నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. పరువు పోయింది. బస్సు ప్రమాదంలో లేకపోయినా పోయింది. ఇంక ఎమ్మిగనూరులో తల ఎలా ఎత్తుకోవాలా అనుకుంటుంటే బజారి వచ్చి పక్కన కూలబడ్డాడు. టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని దాని మీటలు ఊరికే తడుముతున్నాడు.

"అన్నా, ఆ డాక్టరమ్మ కాడ చీటీ ఎప్పుడు రాపిచ్చుకోవల్ల?"

"ఎవరికప్పా?"

"మా వదినకు." బజారి కాసేపు కిటికీలోంచి పత్తిచేలు చూశాడు. "మా వదినకు ఏమీ లేదులేన్నా. నాకే."

ఉచ్చీరమ్మ తడిసిన కాళ్లు తుడుచుకుంటూ, "నేను ఇప్పుడు పోయేదే ఆడికి. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులకని సెప్పినా" అంది. వెనక సీట్లోంచి పత్తి రైతు ఒకడు, తన మోకాళ్లు కూడా అలాంటివేనన్నాడు. ఉరుకుందు ఇంజను వేశాడు. ఇన్నేళ్లూ తానొక్కడే దాచుకుంటున్నాననుకున్నదాన్ని ఈ బస్సులో ఎంతమంది ఎన్ని పేర్లతో దాచుకున్నారో అని శేషన్నకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యం వెనకే ఛాతీలో ఏదో బరువు దిగింది. అది మాత్ర దించే బరువు కాదు. మాత్ర వేసుకునే వేళ ఇంకా కాలేదు.

డాక్టర్ శ్రీరక్ష జరిగిందంతా విని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి గట్టిగానే మందలించింది.

"తేదీ వేసుకోవడం మంచి ఆలోచనే. కానీ మందును మట్టి పొట్లంలా కట్టడం ఏమిటి? నిజంగానే ఎవరైనా మింగి ఉంటే? మందు మందులా కనిపించాలి, తాళంలో ఉండాలి."

"దేవుని గూట్లో పెట్టకూడదామ్మా?"

"గూటికి తాళం ఉంటే పెట్టుకోండి. మందు అని పైన రాసి పెట్టుకోండి. స్వామికి దాపరికం ఎందుకు?" అని ఆమె రోజుకో గది ఉన్న చిన్న డబ్బా చూపించి, అలాంటిది కొనుక్కోమంది. తర్వాత అతని పాత చీటీ తిరగేసింది. "మొదటిసారి వచ్చినప్పుడు బయట కౌంటరులో మీ పేరు కూడా చెప్పలేకపోయారు, గుర్తుందా? ఈ రోజు కదిలే బస్సెక్కి అందరి ముందూ చెప్పేశారు. ఈ నెల నుంచి మందు కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. నేను చెప్పినట్టే, తొందరపడకుండా."

శేషన్న ఇదే సమయమనుకుని తన సందేహం బయటపెట్టాడు. "అమ్మా, ఈరన్న స్వామికి కాయ మొక్కుకున్యా. తగ్గింది. స్వామి తగ్గిచ్చినాడా, నువ్వు తగ్గిచ్చినావా? కాయ ఎవరికి ఇయ్యల్ల?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "నాకు తెలీదు శేషన్నా. రోజూ పొద్దున దండం పెట్టుకోనిదే నేను కూడా ఈ కుర్చీలో కూర్చోను."

కాయ ముందు పెట్టి అడుగుదామని శేషన్న సంచిలో చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసింది. పైకి తీస్తే కాయ రెండు చిప్పలుగా, కత్తితో కోసినట్టు సమంగా పగిలి ఉంది. అతను తెల్లబోయి చూస్తుంటే, తన వంతు కోసం తలుపు దగ్గర నిలబడ్డ ఉచ్చీరమ్మ లోపలికి తొంగిచూసింది.

"నువ్వు బండిమీదికి ఎగిరినప్పుడే టప్పుమని పగిలింది నాయనా. నా కాళ్లమీద నీళ్లు కారుతాండాయని మొత్తుకుంటే ఇంటివా? భజన జేస్తాంటివి."

శేషన్న రెండు చిప్పలూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆ గెంతు తన కాళ్లదే. ఆ కాళ్లకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో, ఇన్ని రాత్రుల నిద్ర నుంచో, పటంలోంచి చూస్తున్న స్వామి నుంచో, అతనికి అప్పటికీ తేలలేదు. తేలకపోయినా ఫరవాలేదని మొదటిసారి అనిపించింది. ఒక చిప్పను డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు. ఆమె రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. "స్వామి దగ్గర నా పేరు కూడా చెప్పండి" అంది.

సాయంత్రం శేషన్న ఉరుకుందు బస్సులోనే తిరిగివచ్చాడు. బండి కదలకముందు రెండో చిప్పను ఈరన్న స్వామి పటం ముందు పెట్టి, స్వామికి ఇద్దరి పేర్లూ చెప్పాడు. కర్పూరం మాత్రం డీజిలు బండిలో వద్దని బజారి అడ్డుపడ్డాడు. ఆ చిప్పలోంచి ఉరుకుందుకు ఒక ముక్క, బజారికి ఒక ముక్క ప్రసాదం పెట్టి, మిగిలింది ఇంటికి తెచ్చాడు. ఇంటికి రాగానే హులిగమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క బజ్జీల సంగతి తప్ప.

పొట్లాలు కట్టడం మానేశాక గోడమీది క్యాలెండరు ఒక వారంపాటు కదలకుండా ఉండి, ఊరిని తన దాకా రానిచ్చింది. చిప్ప ఇంటికొచ్చిన రాత్రే మల్లేశ్వరి మిగిలిన కొబ్బరితో పచ్చడి నూరింది. శేషన్న మూడుసార్లు వేయించుకున్నాడు, ఎవరి విస్తట్లోదీ కాదు కనుక.